ఉప్పుగాలికి ఓర్చే పెరటి అరుగు: నీడ ముందు, కుర్చీ చివర

మా పెరటి గచ్చు మీద నాలుగు ఎర్రటి చక్రాలు ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ పోత ఇనుప బల్ల ఒకటి ఉండేది. తీగలూ ఆకులూ అల్లుకున్నట్టు పోతపోసిన నల్లటి బల్ల, దానికి జోడుగా నాలుగు కుర్చీలు. ఆగస్టులో కొన్నాం. చెన్నైలో తిరువాన్మియూరు దాటాక, సాయంత్రమైతే సముద్రం వాసన వచ్చే వీధి మాది. ఈశాన్య రుతుపవనాల వానలు వెళ్లి సంక్రాంతి వచ్చేసరికి రంగు పొక్కులు లేచింది. ఆ పొక్కుల కింద నుంచి తుప్పు నీళ్లు కాళ్ల వెంట దిగి గచ్చులోకి ఇంకాయి. రెండేళ్లకే బల్లను పాత ఇనుము కొనేవారికి ఇచ్చేశాం. చక్రాలు మాత్రం ఏ మందుకూ పోలేదు.

"బయట వేసుకునేదేనండీ" అన్న దుకాణం మాట అబద్ధం కాకపోవచ్చు. ఎవరి బయట అన్నది నేను అడగలేదు. చెన్నై బయటికి మూడు గుణాలున్నాయి: మే నెల ఎండ, ఏడాది పొడవునా ఉప్పుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. ఈ నగరంలో ఏటా సగటున 1,400 మిల్లీమీటర్ల వరకు వాన పడితే, అందులో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. 2003 మే 31న ఇక్కడ 45 డిగ్రీలు నమోదైంది. పెరట్లో మనం పెట్టే ప్రతి వస్తువూ ఈ మూడింటికీ జవాబు చెప్పుకోవాలి.

ఆ బల్ల పోయాక నాకు తెలిసింది ఒకటే. మనం సాధారణంగా కొనే వరుస తలకిందులు. ముందు సోఫా కొంటాం, తరువాత దానికి ఎండ తగులుతోందని గొడుగు కొంటాం, ఆ తరువాత నీళ్లు నిలుస్తున్నాయని గచ్చు తవ్విస్తాం. ఈ వరుసను తిరగేయాలి. పెరటి అరుగుకు, ఇప్పుడు అందరూ పాటియో అంటున్న దానికి, మీ దగ్గర వంద రూపాయలుంటే నలభై నీడకు, ముప్పై గచ్చుకు, ఇరవై కూర్చునేవాటికి, మిగిలిన పది గాలికీ దీపాలకూ అని నా లెక్క. బంధువులు చూసి మెచ్చుకునేది ఆ ఇరవై రూపాయల భాగాన్నే. వాళ్లను ఇంకో గంట కూర్చోబెట్టేది మాత్రం మిగతా ఎనభై.

1. ఒక పాత కుర్చీ, ఒక సుద్దముక్క, ఒక వారం

మొదటి వారం ఏమీ కొనకండి. ఇంట్లో ఉన్న పాత ప్లాస్టిక్ కుర్చీ పెరట్లో వేసి ఉదయం 7, మధ్యాహ్నం 12, సాయంత్రం 4, 6 గంటలకు వెళ్లి కూర్చోండి. ఆ వేళకు నీడ ఎంతవరకు ఉందో గచ్చు మీదే సుద్దతో గీసి, పక్కన గంట రాయండి. వారం తిరిగేసరికి మీ పెరటి పటం తయారవుతుంది.

ఈ పటం ఏడాదంతా ఒకేలా ఉండదు. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. "మాది ఉత్తరపు పెరడు, ఎండ రాదు" అని డిసెంబరులో చూసి నిశ్చింతగా ఉన్నవారు మే నెలలో లోపలికి పరిగెత్తేది ఇందుకే. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి ఇంటి నీడ ఉత్తరం వైపు బారుగా పడుతుంది. ఆ నీడను నమ్మి సోఫా వేయకూడదు.

పడమటి పెరడు అన్నిటికంటే కష్టం. సాయంత్రం 3 నుంచి 6 దాకా ఎండ ఏటవాలుగా పందిరి కింద నుంచే లోపలికి దూరుతుంది. పైన ఎంత నీడ వేసినా లాభం ఉండదు, పక్కన తెర కావాలి. తూర్పు పెరడు ఉన్నవారు అదృష్టవంతులు. మధ్యాహ్నం దాటాక ఇల్లే నీడనిస్తుంది, సముద్రపు గాలి కూడా అటునుంచే వస్తుంది. ఒక అగరువత్తి వెలిగించి పట్టుకుంటే మీ పెరట్లో గాలి ఎటు నుంచి ఎటు పోతోందో, ఏ గోడ దగ్గర చచ్చుబడుతోందో తెలిసిపోతుంది. కుర్చీలు గాలి దారిలో ఉండాలి. అలాగే జల్లు ఎటు నుంచి కొడుతుందో గుర్తుంచుకోండి: వేసవి చివర ఉరుముల వానలు ఎక్కువగా పడమటి నుంచి వస్తాయి, అక్టోబరు తరువాత ఈశాన్యం నుంచి.

ఇదే వారంలో ఇంకొక లెక్క కూడా రాయండి. ఎవరు, ఏ వేళ, ఎంతసేపు కూర్చుంటారు? మా ఇంట్లో ఉదయం ఆరున్నరకు కాఫీ, పేపరుతో అమ్మ. సాయంత్రం హోంవర్కుతో పిల్లలు. ఆదివారం నలుగురైదుగురు. అంతే. పన్నెండు మంది పట్టే సోఫా సెట్టు కొని ఏడాదికి రెండుసార్లు వాడి, మిగతా రోజుల్లో కాకి రెట్టలు తుడుచుకునే ఇళ్లు నాకు తెలుసు.

2. కొలతలు: పాత దుప్పట్లు పరిచి చూడండి

దుకాణంలో ప్రతి బల్లా చిన్నదిగా కనిపిస్తుంది, ఇంటికి వచ్చాక పెరుగుతుంది. కొనబోయే వస్తువు పొడవు వెడల్పులకు పాత దుప్పటిని మడిచి నేల మీద పరిచి, రెండు రోజులు దాని చుట్టూ నడవండి. బట్టలు ఆరేయడానికి బకెట్టు పట్టుకుని వెళ్లేటప్పుడు ఆ దుప్పటిని తొక్కుతున్నారంటే బల్ల అక్కడ పనికిరాదు.

నలుగురు తినే బల్ల మూడడుగులుంటే చాలు, కానీ కుర్చీ వెనక్కి లాగి లేవడానికి నాలుగు వైపులా కనీసం రెండున్నర, మూడు అడుగులు వదలాలి. అంటే తొమ్మిది అడుగుల చదరం. ఒక్కొక్కరికి బల్ల అంచున రెండడుగులు. తినే కుర్చీ కూర్చునే ఎత్తు 17, 18 అంగుళాలు. బల్ల ఎత్తు 28 నుంచి 30.

ఎత్తు విషయంలో నా రెండో పొరపాటు జరిగింది. ఇనుప బల్ల పోయాక సుఖంగా ఉంటుందని పల్లపు సోఫా ఒకటి తెచ్చాను, కూర్చునే ఎత్తు 14 అంగుళాలు. అమ్మ అందులో కూర్చుంది, కాఫీ తాగింది, గ్లాసు కింద పెట్టింది. లేవబోయి మళ్లీ వెనక్కి పడింది. "నాయనా, ఇందులో కూర్చోడానికి నేను చాలు, లేవడానికి ఇద్దరు కావాలి" అంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఇంట్లో ఉంటే 18 అంగుళాల ఎత్తు, గట్టి చేతులు ఉన్న కుర్చీ ఒకటైనా తప్పదు. ఆ చేతుల మీద బరువు వేసి లేస్తారు కాబట్టి అవి కదలకూడదు. దుకాణంలోనే మీరు అలా లేచి చూడండి.

పెరడు ఆరేడు అడుగుల సందులా ఉంటే, చెన్నైలో చాలా సొంత ఇళ్లకు అంతే ఉంటుంది, సెట్లు మర్చిపోండి. గోడ వెంట రాతి అరుగు కట్టించుకోండి: 18 అంగుళాల ఎత్తు, అంతే లోతు, గోడ పొడవునా. ఆరుగురు కూర్చుంటారు, ఇద్దరు పడుకుంటారు, తుప్పు పట్టదు, గాలికి ఎగరదు. నా మాట అడిగితే జాగా ఉన్నవారికి కూడా మొదటి ఆసనం ఇదే కావాలి.

3. గచ్చు: మేస్త్రీకి డబ్బిచ్చే ముందు ఒక బకెట్టు నీళ్లు

గచ్చుకు అందం కన్నా వాటం, అంటే నీళ్లు జారిపోయే వాలు, ముఖ్యం. పది అడుగులకు అంగుళంన్నర నుంచి రెండు అంగుళాల వాటం, ఇంటి గోడ నుంచి దూరంగా పోయేట్టు ఉండాలి. రసమట్టం పెట్టి చూపించినా సరిపెట్టుకోకండి. సిమెంటు గట్టిపడ్డాక గోడ దగ్గర ఒక బకెట్టు నీళ్లు కుమ్మరించి నిలబడండి. పది నిమిషాల తరువాత ఎక్కడైనా చిన్న మడుగు మిగిలితే అక్కడే నవంబరులో పాచి పడుతుంది, అక్కడే ఎవరో ఒకరు జారుతారు. ఆ మడుగు చుట్టూ గీత గీసి సరిచేయించాకే మిగతా డబ్బు ఇవ్వాలి.

రాళ్లలో మనకు దగ్గరివి నాపరాళ్లు: తాండూరు పసుపు, బేతంచెర్ల రాయి, కర్ణాటక నుంచి వచ్చే షాబాదు బూడిదరంగు. చెన్నై వంటిళ్లలో మన నల్లటి కడప రాయి "కడప్పా" అయి కూర్చుంది. ఇక్కడి వారికి అది ఒక ఊరి పేరని చెబితే ఆశ్చర్యపోతారు. వంటగట్టుకు అది బాగుంటుంది గాని ఎండలో పరిచే గచ్చుకు వద్దు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతి అలా ఉంచి, మే మధ్యాహ్నం నల్లరాయి మీద చెప్పులు లేకుండా నాలుగడుగులు వేసి చూస్తే సామెత ఎందుకు పుట్టిందో అరికాళ్లకు తెలుస్తుంది. లేత రంగు రాయి తీసుకోండి. నునుపు పట్టించవద్దు, గరుకు పైభాగమే ఉంచండి. గ్రానైటు అయితే మంటతో గరుకు చేసిన రకం అడగాలి.

నాపరాళ్లన్నీ సున్నపురాళ్లే. వాటి మీద నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ పడుతుంది. పాచి పోవడానికని స్నానాలగది యాసిడ్ పోస్తే పైపొర కరిగి రాయి గుల్లబారుతుంది. సబ్బునీళ్లు, గట్టి బ్రష్షు చాలు. చెట్టినాడు వైపు తయారయ్యే ఆత్తంగుడి పలకలు చూడముచ్చటగా ఉంటాయి, కానీ వాటిని కప్పు కింద వరకే పరచండి, ఎండా వానా తగిలే చోట రంగు నిలవదు.

పెరడంతా రాయి పరిచేయకండి. 2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసింది. మీ ఇంకుడు గుంత ఎక్కడుందో ముందు వెతికి, గచ్చు వాటం అటు మళ్లించండి. గోడల వెంట అడుగున్నర మట్టి వదిలితే నీళ్లు ఇంకుతాయి, మొక్కలకూ చోటు దొరుకుతుంది.

4. నీడ

అసలు డబ్బు ఇక్కడ పెట్టాలి. పెరట్లో ఇప్పటికే వేపో కానుగో ఉంటే దాని చుట్టూనే ఏర్పాటు చేసుకోండి. చెట్టు నీడకు సాటి వచ్చే గుడ్డ లేదు. రెండు చెట్లతో మాత్రం జాగ్రత్త. కొబ్బరి చెట్టు కింద ఎప్పుడూ కుర్చీ వేయకండి. బొండం పడే వేళ చెప్పి పడదు, ఎండు మట్ట కూడా తక్కువ దెబ్బ కాదు. మునగచెట్టు కింద కూడా వద్దు. వానల తరువాత కాండం నిండా గొంగళిపురుగులు పట్టి, అతిథి భుజం మీదికే దిగుతాయి. కొమ్మలు కూడా పెళుసు.

చెట్టు లేకపోతే పందిరి. మూడు రకాలు ఆలోచించవచ్చు. ఇనుప గొట్టాల మీద తీగ పాకించే పందిరి చవక, చల్లన. రాధామనోహరం ఒకటి నాటితే రెండు వేసవుల్లో కప్పేస్తుంది. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ, ఆపైన ఎరుపుగా మారే ఆ పూల వాసనే పెరటికి సగం అలంకారం. ఇనుము వాడక తప్పదంటే జింకు పూత వేసినదే తీసుకుని, వెల్డింగు చేసిన అతుకుల మీద విడిగా జింకు రంగు పూయించండి. ఆ అతుకుల దగ్గరే తుప్పు మొదలవుతుంది. నా బల్ల నేర్పిన పాఠమే.

రెండోది పాలీకార్బొనేట్ పలకల కప్పు. వాన ఆపుతుంది. పారదర్శక పలక వేస్తే మాత్రం కింద ఆవిరిలో ఇడ్లీల్లా ఉంటాం. పాలరంగుదో, లోపల గాలి గదులున్న రెండు పొరలదో వేయించాలి. గోడకూ కప్పుకూ మధ్య అడుగు ఖాళీ వదిలితే వేడిగాలి పైకి పోతుంది. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలంలో పక్కా కప్పు వేస్తే అది కట్టడం లెక్కలోకి రావచ్చు. కాబట్టి మొదలుపెట్టే ముందు కార్పొరేషన్ నిబంధనలు తెలిసిన ఇంజనీరును ఒక మాట అడగండి.

మూడోది నీడవల లేదా త్రికోణపు తెర. నర్సరీలవారు వాడే ఆకుపచ్చ వల కాకుండా, బిగువుగా అల్లిన లేతరంగుది. నాలుగు మూలలనూ ఒకే ఎత్తులో కట్టకండి. ఒక మూల రెండడుగులు దిగితేనే నీళ్లు జారతాయి, లేకపోతే కడుపు దిగి సంచిలా వేలాడుతుంది. అక్టోబరులో విప్పి లోపల పెట్టడానికి వీలుగా కొక్కేలకు కట్టుకోవాలి.

గొడుగు గురించి ఎక్కువ చెప్పను. తొమ్మిది అడుగుల గొడుగు బల్ల మధ్య నుంచి నిలబడితే అడుగున 25 కిలోల బరువు, విడిగా నిలబడితే 40 కిలోలు కావాలి. పైన గాలి పోయే రంధ్రం లేనిది కొనవద్దు. సముద్రానికి దగ్గరి ఇళ్లలో గొడుగు రోజూ సాయంత్రం మూయాల్సిన వస్తువు. మూసే ఓపిక లేనివారికి అది వద్దు.

5. ఇప్పుడు కుర్చీలు, బల్లలు

దుకాణానికి వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. అల్యూమినియం అని చెప్పిన కుర్చీకి అది అంటుకుంటే లోపల ఉన్నది ఇనుమే. చెన్నై తీరానికి నేను మొదట సూచించేది పొడిరంగు చల్లి కాల్చి పట్టించిన (పౌడర్ కోటింగ్) అల్యూమినియమే. ఇనుము బరువులో మూడో వంతు ఉంటుంది, ఎర్రతుప్పు పట్టదు, తుఫాను వస్తోందంటే అమ్మాయి ఒక్కతే రెండు కుర్చీలు లోపలికి తేగలదు. కుర్చీని తిరగేసి మరలు చూడండి. అల్యూమినియంలో మామూలు ఇనుప మరలు బిగిస్తే ఉప్పు తేమలో ఆ రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి, మర చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. స్టెయిన్‌లెస్ మరలు, మధ్య నైలాన్ వాషరు ఉన్నవి తీసుకోండి.

స్టెయిన్‌లెస్ స్టీలులో 304, 316 అని రెండు రకాలు తరచుగా వినిపిస్తాయి. వంటింటి గిన్నెల తరహా 304 సముద్రపు గాలికి టీ మరకల్లాంటి గోధుమరంగు మచ్చలు తేలుస్తుంది. 316లో రెండు నుంచి మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును తట్టుకునేది దాని వల్లే. అయస్కాంతంతో ఈ రెండింటినీ వేరు చేయవచ్చని కొందరు అమ్మకందారులు చూపిస్తారు. అది కుదరదు, రెండూ అయస్కాంతానికి దాదాపు లొంగవు. బిల్లు మీద 316 అని రాయించుకోండి. రాయడానికి వెనకాడితే విషయం తెలిసిపోతుంది.

చెక్క అంటే టేకు. అందులోనూ చేవ, అంటే మాను నడిమి ముదురు చెక్క. టేకు చేవలో సహజమైన నూనె ఉంటుంది కాబట్టి చెదలు, తేమ అంత త్వరగా పట్టవు. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. కుర్చీ అడుగు భాగం చూడండి, కంటికి కనిపించని చోటే తెల్లచెక్క వాడతారు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాల టేకు దొరికితే కొత్తదానికంటే మేలు. పల్లావరంలో శుక్రవారం సంతకు ఉదయమే వెళితే పాత కుర్చీలు, బల్లలు, తలుపులు కనిపిస్తాయి. బేరం ఆడే ఓపిక, కొన్నదాన్ని బాగుచేసే వడ్రంగి రెండూ ఉంటేనే వెళ్లండి. టేకు ఎండలో ఏడాదికి వెండిబూడిద రంగుకు తిరుగుతుంది. అది పాడైపోవడం కాదు, పైరంగు మాత్రమే. నూనె రాస్తే రంగు నిలుస్తుంది గాని ఆయుష్షు పెరగదు. నూనె రాసిన చెక్క తేమలో నల్లబూజు పట్టడం కూడా చూశాను. నేను రాయడం మానేశాను. కాళ్లు మాత్రం నేరుగా తడి గచ్చును తాకకూడదు. కోసిన కొస నుంచి చెక్క నీటిని పైకి పీల్చుకుంటుంది. ప్రతి కాలి కింద నైలాన్ బిళ్ల కొట్టించండి.

అల్లిక కుర్చీలలో అసలు బెత్తం కప్పు కింద ఉండే వరండాకే. బయటికి పాలిథిలిన్ తీగ అల్లికే ఓర్చుకుంటుంది. పీవీసీ తీగ రెండో వేసవికి పెళుసెక్కి టపటపా తెగుతుంది. ఒక కొసను గట్టిగా వంచి చూడండి, వంపు దగ్గర తెల్లగీత పడితే వదిలేయండి. అల్లిక ఎంత మంచిదైనా లోపలి చట్రం ఇనుముదైతే అది కనబడకుండా కుళ్లుతుంది. అయస్కాంతం మళ్లీ బయటికి తీయండి.

బెంగళూరులో ఉన్న మా పిన్ని ఇంట్లో ఇనుప బల్ల పదేళ్లుగా నిక్షేపంగా ఉంది. నా ఏడుపు చూసి ఆవిడ నవ్వుతుంది. సముద్రానికి దూరంగా, 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది. ఉప్పు లేదు. ఆవిడ గోలంతా నెలల తరబడి తుంపర్లకు చెక్క మీద పట్టే పాచి గురించి. కాబట్టి వేరే ఊరి చుట్టాల సలహా తీసుకునే ముందు వాళ్ల గాలి ఎలాంటిదో అడగాలి.

మెత్తలు: బయటి సోఫాల్లో ముందు పోయేవి ఇవే. మామూలు స్పాంజి ఒకసారి తడిస్తే మూడు రోజులు ఆరదు, వాసన వేస్తుంది. నీళ్లు ఇట్టే కారిపోయే పెద్ద రంధ్రాల ఫోము, దారానికే రంగు పట్టించి నేసిన అక్రిలిక్ బట్ట దొరుకుతాయి గాని ఖరీదు. నేను మెత్తలు పూర్తిగా మానేసి రాతి అరుగు మీద భవాని జంపకానా నాలుగు మడతలు వేస్తాను. ఈరోడు జిల్లా భవానిలో నేసే ఆ చారల జంపకానా మరకను దాస్తుంది, ఉతకవచ్చు, వాన చినుకు పడితే చంకలో పెట్టుకుని లోపలికి రావచ్చు.

6. ఉయ్యాల బల్ల

చూసినవారు ఆగిపోయే వస్తువు ఒక్కటే పెట్టాలనుకుంటే అది ఉయ్యాలే. తమిళుల ఇళ్లలో ఊంజల్ హాలులోనే ఉంటుంది, మనం పెరట్లో వేసుకుందాం. ఇద్దరికి ఐదడుగుల పొడవు, 22 అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న టేకు పలక. నేల నుంచి 18, 20 అంగుళాల ఎత్తు. ముందూ వెనకా మూడున్నర అడుగులు ఖాళీ.

కొక్కేల విషయంలో రాజీ వద్దు. ఊగేటప్పుడు పడే లాగుడు కూర్చున్నవారి బరువుకన్నా చాలా ఎక్కువ. ఫ్యానుకు వేసిన కొక్కేనికి ఉయ్యాల వేలాడదీస్తే ఆ ఇంట్లో నేను కూర్చోను. స్లాబు పోసేటప్పుడే దూలంలోని కడ్డీలకు కట్టిన కొక్కెం ఉండాలి, లేదా ఇంజనీరు చూసి వేసిన విడి స్తంభాల చట్రం కావాలి. గొలుసు ఇత్తడిదైతే చెమట చేతులకు నల్లబడుతుంది, చింతపండుతో తోమితే మళ్లీ మెరుస్తుంది. కడియాల దగ్గర నెలకోసారి చుక్క నూనె.

7. గాలి, దీపాలు, కరెంటు

పందిరి కింద ఫ్యాను ఉంటే చెమటా పోతుంది, దోమలూ తగ్గుతాయి. దోమలు గాలికి ఎదురు ఎగరలేవు. తేమను తట్టుకునే మోటారు, అల్యూమినియం లేదా ప్లాస్టిక్ రెక్కలు ఉన్నది కొనండి. చెక్కపొడి పలకల రెక్కలు ఒక వానాకాలానికే కిందికి వాలిపోతాయి.

దీపాలు తక్కువగా, కిందగా ఉండాలి. వెచ్చటి పసుపు కాంతి, 2,700 నుంచి 3,000 కెల్విన్ మధ్యది, పురుగులను తక్కువగా పిలుస్తుంది. తొలకరి తరువాత ఉసిళ్లు లేచే రాత్రి తెల్లదీపం వేసి చూడండి, కాఫీలో రెక్కలు తేలతాయి. నీళ్లూ దుమ్మూ లోపలికి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ గుర్తు చూడండి: వాన నేరుగా తగిలే దీపానికి ఐపీ 65, కప్పు కింద దానికి ఐపీ 44 ఉండాలి.

పెరటి కరెంటుకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, పెట్టించండి. తడి కాళ్లతో తిరిగే చోట ఇది ఐచ్ఛికం కాదు. 2015 డిసెంబరు వరద చూసినవారికి ప్లగ్గులు ఎక్కడ ఉండాలో చెప్పనక్కరలేదు. కొత్తగా వేయిస్తుంటే నేల నుంచి నాలుగడుగుల ఎత్తున, మూత ఉన్న పెట్టెలో పెట్టించండి.

8. నీళ్ల తొట్టి కోరిక

ఫౌంటెన్ అందంగా ఉంటుంది, నేను వద్దంటాను. డెంగీని మోసే ఏడిస్ దోమ పుట్టేది మురుగులో కంటే మన ఇంట్లో నిలిచిన శుభ్రమైన నీళ్లలోనే. గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి దానికి ఏడు నుంచి పది రోజులు చాలు. పంపు నీళ్లను ఆడిస్తున్నా మూలల్లో నీరు కదలదు, పంపు పాడైన వారం మనం గమనించం. తొట్టి తప్పదంటే గప్పీ చేపలు వదలండి, లార్వాలను అవే తింటాయి. నీళ్ల మెరుపు మాత్రమే కావాలంటే వెడల్పాటి ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి నాలుగు మందారాలు వేయండి, రోజూ మార్చండి. కుండీల కింది పళ్లేలను వారానికోసారి బోర్లించడం దీనికంటే ముఖ్యం.

మొక్కల్లో ఉప్పుగాలికి కాగితం పూలు, దేవగన్నేరు బాగా నిలుస్తాయి. కూర్చునే చోటుకు పక్కనే గుండుమల్లె కుండీ ఒకటి, వాసన అందేంత దూరంలో. ఎర్రగన్నేరు తీరంలో చక్కగా పెరుగుతుంది గాని ఆకు నుంచి వేరు దాకా విషం. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే నాటకండి. బొగ్గుల పొయ్యి పెట్టే ఆలోచన ఉంటే గాలి వాలులో పక్కింటి పడకగది కిటికీ ఉందేమో చూసుకోండి. మా వీధిలో రెండు ఇళ్ల మధ్య మాటలు లేకుండా పోవడానికి అదే కారణం.

9. ఏడాది పని, తుఫాను పని

సముద్రానికి కిలోమీటరు లోపల ఉంటే పదిహేను రోజులకోసారి అన్నింటినీ మంచినీళ్లతో కడగండి. సబ్బు కూడా అక్కరలేదు, ఉప్పు పొర పోతే చాలు. సెప్టెంబరులో ఒక ఆదివారం మరలు బిగించి, రంగు లేచిన చోట గీకి పూసి, తూములో ఆకులు తీసేయండి.

2016 డిసెంబరు 12న వర్దా తుఫాను ఈ నగరంలో వేల చెట్లను పడగొట్టింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటబోయే ముందు చెన్నైని రెండు రోజులు నానబెట్టింది. ఇలాంటి హెచ్చరిక వచ్చాక ఏది ఎక్కడ పెట్టాలని వెతుక్కోకూడదు. మా వంటింటి తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది. నీడతెర విప్పి మంచం కింద. అల్యూమినియం కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి మెట్ల కింద. బల్ల తలకిందులు చేసి గోడకు ఆనించి తాడు. వేలాడే కుండీలు నేల మీద, గోడ మూలకు. పెరటి ఆర్‌సీసీబీ ఆపేయాలి. ఉయ్యాల పలక గొలుసు నుంచి తప్పించి హాలులో, గొలుసులు రెండూ పైకి చుట్టి ముడి. అమ్మ కుర్చీ మాత్రం కిటికీ పక్కన వేస్తాం. వాన చూస్తూ కాఫీ తాగడానికి ఆవిడకు ఆ 18 అంగుళాల ఎత్తే కావాలి.